పల్లీ పొట్టు రసం బాక్టీరియాను చంపింది, మా పెదనాన్న సబ్బు చేద్దామంటున్నారు. నిజంగా పనికొస్తుందా?

పల్లీపట్టి_అమ్మాయి (విజయవాడ)

నమస్కారమండి. విజయవాడలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఏం తీసుకోవాలో తేలక తిరుగుతుంటే సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు ఐడియా దొరికింది. మా పెదనాన్నకి అక్కడ పల్లీపట్టీలు చేసే చిన్న యూనిట్ ఉంది. ఇనప మూకుడులో ఇసక పోసి పల్లీలు వేయిస్తారు, చల్లారాక గోనెపట్టా మీద పోసి చేత్తో రుద్ది, టేబుల్ ఫ్యాను ముందు చేటతో ఎత్తి పోస్తారు. గింజలు కింద పడతాయి, ఎర్రపొట్టు ఎగిరి గోడ మూలకి చేరుతుంది. సాయంత్రానికి మోకాలెత్తు గుట్ట. ఎవరైనా పొయ్యిలోకి అడిగితే ఇస్తారు, లేకపోతే చెత్త బండికే.

ఆ పొట్టులో యాంటీఆక్సిడెంట్లు బాగా ఉంటాయని చదివాను కాబట్టి ఒక సంచి నింపుకొచ్చాను. దానితో పాటు పల్లీకాయల పైతొక్కలు, దుర్గగుడి కింద కొబ్బరికాయల కొట్టు దగ్గర ఏరుకొచ్చిన పీచు, మా క్లాస్‌మేట్ వేటపాలెం నుంచి తెచ్చిన జీడి పెంకులు. నాలుగూ నీడన ఆరబెట్టి మిక్సీలో పొడి కొట్టి, 10 గ్రాములకి 100 మిల్లీలీటర్ల మిథనాల్ అనే ద్రావకం పోసి రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, ల్యాబులో ఫ్యాను కింద గిన్నెల్లో పెట్టి చిక్కబరిచాను.

బాక్టీరియా పరిచిన అగార్ (బాక్టీరియా పెంచే జెల్లీ) ప్లేట్లలో 6 మిల్లీమీటర్ల గుంటలు చేసి ఒక్కోదాంట్లో 50 మైక్రోలీటర్లు పోశాను. స్టాఫ్ (స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా) ప్లేట్‌లో మర్నాటికి జీడి పెంకు చుట్టూ 19, ఎర్రపొట్టు చుట్టూ 13, కొబ్బరి పీచు 11, పైతొక్క 10 మిల్లీమీటర్లు బాక్టీరియా పెరగని ఖాళీ వచ్చింది. ఈ.కొలి (ఇంకో రకం బాక్టీరియా) ప్లేట్‌లో మాత్రం అన్నీ దాదాపు సున్నా. డీపీపీహెచ్ టెస్టు (యాంటీఆక్సిడెంట్ ఉంటే ఊదారంగు పోయే పరీక్ష) చేస్తే ఎర్రపొట్టు రసం వేసీ వెయ్యగానే ఊదారంగు పోయి పసుపు వచ్చేసింది, నేను పిపెట్ పక్కన పెట్టేలోపే. ల్యాబులో అందరూ వచ్చి చూశారు!

ఈ ఫోటోలు చూసిన దగ్గర్నుంచి మా పెదనాన్న ఆగట్లేదు. "చెత్తలో పోసేది మందంట, హ్యాండ్‌వాష్ చేద్దాం, పొడి చేసి డబ్బాల్లో అమ్ముదాం, పొద్దున్నే పరగడుపున ఒక స్పూను" అంటూ అప్పుడే లేబుల్ మీద ఏం రాయాలో కూడా ఆలోచిస్తున్నారు. నాకేమో టెన్షన్. నాకు అర్థం కానివి మూడు. ఈ.కొలి మీద పని చెయ్యకపోవడం నా తప్పా? ఇది నిజంగా యాంటీబయోటిక్ లాంటిదా? డీపీపీహెచ్‌లో బాగా వస్తే తాగడానికి మంచిదనేనా? ఇంకోటి, జీడి పెంకులు పొడి చేసిన రోజు నుంచీ నా కుడిచేతి వేళ్ళు మండి, ఇప్పుడు చర్మం నల్లబడి పొరలుగా లేస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ప్లేటు_మాస్టారు (గుంటూరు)

అమ్మాయ్, ముందు పని చేసినందుకు మెచ్చుకుంటున్నాను, ఎందుకంటే చాలామంది నెట్‌లో ఉన్న టేబుల్ కాపీ కొట్టి తెస్తారు. ఇప్పుడు తిట్లు. ఉత్త మిథనాల్ పోసిన గుంట ఏది? నాలుగు రసాలు రాశావు, ఐదో గుంట గురించి ఒక్క ముక్క లేదు. ఫ్యాను కింద ఆరబెట్టానన్నావు, పూర్తిగా ఆరిందని ఎలా తెలుసు? గిన్నె అడుగున జిగటగా మిగిలినదాంట్లో మిథనాల్ కొంత ఉండిపోతే ఆ 10, 11 మిల్లీమీటర్లు అదే తెచ్చి ఉండొచ్చు. గుంటే 6 మిల్లీమీటర్లు కదా, దాన్ని కలుపుకునే 10 అంటే నిజంగా ఖాళీ అయింది పక్కకి రెండేసి మిల్లీమీటర్లు.

ఈ.కొలి సంగతి నీ తప్పు కాదు. 1884లో గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు రంగు వేసి బాక్టీరియాను రెండు రకాలుగా విడగొట్టాడు కదా, ఆ తేడానే ఇక్కడ పని చేస్తోంది. స్టాఫ్‌కి మందమైన గోడ ఉన్నా దాని బయట ఇంకో పొర లేదు. ఈ.కొలికి గోడ పలచనే కానీ బయట కొవ్వూ చక్కెరా కలిసిన ఇంకో పొర ఉంటుంది, పొట్టుల్లో వగరు తెచ్చే ఫీనాలిక్స్ అనే పదార్థాల్లో చాలావాటిని అది లోపలికి రానివ్వదు. పైతొక్క, పొట్టు, పీచు ఏది తీసుకున్నా సాధారణంగా స్టాఫ్ మీద కాస్త, ఈ.కొలి మీద తక్కువ లేదా లేదు, ఇదే కథ. అక్రోటు కాయ పచ్చి తొక్కలో జుగ్లోన్ అని ఒకటుంటుంది, చేతికంటితే రోజుల తరబడి నల్లమరక పోదు. దానిదీ చాలావరకు ఇదే తీరు.

ఇంకో సంగతి. జోన్ (గుంట చుట్టూ ఖాళీ) పెద్దది వచ్చింది కాబట్టి జీడి పెంకు గొప్పది, పీచు దానికన్నా తక్కువ అని రాయకు. అగార్‌లో ఆ పదార్థం ఎంత దూరం పాకుతుందో దాన్ని బట్టి జోన్ వస్తుంది. ఎర్రపొట్టులో ఉండేవి ఎక్కువగా ప్రోసయనిడిన్లు, అంటే కాటెకిన్ ముక్కలు గొలుసుగా కట్టుకున్నవి, గొలుసు పెద్దదయ్యేకొద్దీ అగార్‌లో కదల్లేదు. బలం ఉన్నా జోన్ చిన్నగా రావొచ్చు. అందుకని బ్రాత్‌లో, అంటే బాక్టీరియా పెంచే ద్రవంలో, చెయ్యి. రసాన్ని పూర్తిగా ఆరబెట్టి, తూకం వేసి, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, సగానికి సగం పలచబరుస్తూ వరసగా గుంటల్లో పోసి, అన్నిట్లో ఒకే లెక్కన బాక్టీరియా వేసి, ఏ మోతాదు దగ్గర పెరగడం ఆగిందో చూడు. డీఎంఎస్ఓ ఒక్కటే పోసిన వరస, సిప్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయోటిక్) వరస పక్కనే ఉండాలి.

పెరిగిందా లేదా చూడ్డానికి రెసాజురిన్ వేస్తారు, బతికున్న బాక్టీరియా ఉంటే నీలం పోయి గులాబీ వస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నీ ఎర్రపొట్టు రసం డీపీపీహెచ్ రంగు క్షణంలో మార్చిందని మురిసిపోయావు కదా, అదే గుణంతో రెసాజురిన్ రంగు కూడా బాక్టీరియా లేకుండానే మార్చెయ్యగలదు! కాబట్టి బాక్టీరియా వెయ్యకుండా ఒట్టి రసం, బ్రాత్, రంగు కలిపిన వరస ఒకటి తప్పకుండా పెట్టు. అది కూడా గులాబీ అయితే రంగు నమ్మకు, గుంటల్లోంచి లూప్ (సన్నటి తీగ)తో తీసి ప్లేట్ మీద గీసి మర్నాడు చూడు.

చివరిగా, పల్లీ భూమిలో ఊరే కాయ. పైతొక్క మీద మట్టి, మట్టిలో బాసిల్లస్ బీజాలు. రసాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టకపోతే నీ బ్రాత్‌లో పెరిగేది స్టాఫో, నువ్వు తెచ్చిన మట్టో తెలియదు.

జీడితోట_బావ (పుట్టింది వేటపాలెం, ఉండేది గుంటూరు)

చెల్లెమ్మా, జీడి పెంకులు మిక్సీలో వేశావా?! ఆ మిక్సీలో మళ్ళీ చట్నీ చెయ్యొద్దని మీ అమ్మగారికి చెప్పు, నవ్వులాటకి అనట్లేదు.

జీడి పెంకు రెండు పొరల మధ్య తేనెతుట్టెలా గదులుంటాయి, వాటి నిండా జీడి నూనె. మా ఊళ్ళో గింజలు కొట్టే ఆడవాళ్ళు పనిలో కూర్చునే ముందు చేతులకి ఆముదమో బూడిదో పట్టించుకునేవాళ్ళు, అయినా గోళ్ళ చుట్టూ నల్లగా ఉండేది. మా మేనత్తని చూస్తే చేతులు చూసే ఏం పని చేస్తుందో చెప్పేయొచ్చు. ఆ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ అవుతుంది, ఫ్యాక్టరీల నుంచి డ్రమ్ముల్లో వెళ్ళేది అదే. బండి బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో, రెసిన్లలో వాడతారు. నీ 19 మిల్లీమీటర్లు నిజమే అయ్యుంటుంది, అనకార్డిక్ ఆమ్లం స్టాఫ్ లాంటివాటిని బాగా చంపుతుందని ఎప్పటి నుంచో తెలిసిందే. కాకపోతే అది బాక్టీరియాకీ నీ వేళ్ళకీ తేడా తెలియకుండా రెండిటినీ కాల్చింది.

నూజివీడు రసం కాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన పెదవికి తగిలితే పుండు పడుతుంది కదా, అదీ ఇదీ చుట్టాలే. మామిడి, జీడి, చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి, ముగ్గురిదీ ఒకే కుటుంబం. అమెరికాలో పాయిజన్ ఐవీ అని తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చే తీగ ఉంటుంది, అదీ వీళ్ళ ఇంటిదే. ఒకసారి ఒంటికి పడనిదయ్యాక మామిడి సొన తగిలినా మళ్ళీ రావొచ్చు, అందుకని ఇంట్లో చిట్కాలు వద్దు, చర్మం డాక్టరుకి చూపించు, జీడి పెంకు పొడి చేశానని స్పష్టంగా చెప్పు. మిగిలిన పొడి కవర్లో కట్టి గైడ్‌కి అప్పజెప్పు. పెదనాన్నగారి హ్యాండ్‌వాష్‌లో ఇది మాత్రం కలపనివ్వకు తల్లీ.

సబ్బుబిళ్ళ (విజయవాడ)

నేను ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతాను, నాలుగేళ్ళయింది, కాబట్టి పెదనాన్నగారి భాగం నేను చెప్తాను.

సబ్బు అంటేనే క్షారం, పీహెచ్ తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. పొట్టు రసంలో ఉండే పాలీఫినాల్స్‌కి (మాస్టారు చెప్పిన ఫీనాలిక్స్ లాంటివే) క్షారం పడదు, గాలి తగిలి ముదురు గోధుమ రంగుకి తిరిగి వాటి గుణం పోతుంది. నేనే ఒకసారి దానిమ్మ తొక్క పొడి వేసి చేశాను, మొదటి రోజు ఎర్రగా ముద్దుగా ఉంది, వారానికి బురద రంగు. కొన్నవాళ్ళు తువ్వాళ్ళకి మరక పడుతోందని తిరిగిచ్చారు. అప్పటి నుంచి ఏ తొక్కా వెయ్యను.

అసలు సబ్బుకి బాక్టీరియాను చంపాల్సిన అవసరం ఏముందండి, జిడ్డుతో పాటు వాటిని లేపి నీళ్ళల్లో కలిపేస్తుంది కదా. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, క్రిములని చంపే ట్రైక్లోసాన్‌తో పాటు మొత్తం 19 పదార్థాలు కలిపిన చేతి సబ్బుల్ని అమ్మకూడదంది, ఎందుకంటే మామూలు సబ్బూ నీళ్ళ కన్నా అవి ఎక్కువ పని చేస్తాయని కంపెనీలు చూపించలేకపోయాయి. అంత పెద్ద కంపెనీలు చూపించలేనిది పల్లీ పొట్టుతో మనం లేబుల్ మీద రాసేస్తామా? పైగా మన దగ్గర సబ్బు, క్రీము ఏది చేసి అమ్మాలన్నా లైసెన్సు కావాలి, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఉంది, 2020లో కాస్మెటిక్స్‌కి విడిగా రూల్సు కూడా వచ్చాయి. "క్రిములను చంపుతుంది, రోగాలు తగ్గిస్తుంది" అని రాస్తే అది సబ్బు కాదు, మందు లెక్కలోకి పోతుంది. పెదనాన్నగారికి ఈ ముక్క కాస్త గట్టిగా చెప్పండి.

ఇంకొకటి, పల్లీ పడనివాళ్ళుంటారు. పొట్టుకి అంటుకుని గింజ పిండి ఎంతో కొంత వస్తుంది, అందులో ప్రోటీన్ ఉంటుంది. పల్లీ ఎలర్జీ మన వైపు తక్కువ వింటాం గానీ ఉన్నవాళ్ళకి ఊపిరాడనంత దాకా పోతుంది. సబ్బు మీద పల్లీ ఉందని ఎవరు చూస్తారు చెప్పండి.

పటమట_పెద్దాయన (విజయవాడ)

అన్నీ భయపెట్టే మాటలే. మా అమ్మమ్మ కరక్కాయ బుగ్గన పెట్టుకుని దగ్గు తగ్గించుకుంది, భోజనం కాగానే తాంబూలంలో వక్క నమిలింది, కుంకుడుకాయతో తలంటుకుంది, 88 ఏళ్ళు బతికింది. ప్రకృతిలో వచ్చింది ఏం చేస్తుంది? కంపెనీల సరుకు తాగుతారు గానీ పల్లీ పొట్టు పొడి ఒక స్పూను తినడానికి ఇన్ని పరీక్షలా? ఆ అమ్మాయికి ఉత్సాహం చల్లార్చకండి మాస్టారూ.

ప్లేటు_మాస్టారు (గుంటూరు)

పెద్దాయన గారూ, మీరు వక్క పేరెత్తారు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. వక్కలో కాటెకిన్లు, టానిన్లు (వగరిచ్చే పదార్థాలు) దండిగా ఉంటాయి. ఈ అమ్మాయి ప్లేట్‌లో వక్క రసం పోసినా స్టాఫ్ ఆగొచ్చు, డీపీపీహెచ్‌లో పోస్తే ఊదా రంగు పోయి పసుపు వస్తుంది, మంచి మార్కులే. అదే వక్కని, పొగాకు కలపకుండా ఒట్టిగా నమిలినా సరే, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. డీపీపీహెచ్ అనేది ఒక ఊదారంగు పొడి, మన ఒంట్లో ఎక్కడా ఉండదు. దాని రంగు మార్చింది కాబట్టి ఒంటికి మంచిదనడం మిరపకాయ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్నట్టే.

ఇది నేను నోటికొచ్చినట్టు అంటున్నది కాదు. ఫిన్‌లాండ్‌లో పొగ తాగేవాళ్ళకి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి ఏళ్ళ తరబడి చూసి 1994లో ఫలితాలు బయటపెట్టారు, తీసుకోనివాళ్ళ కన్నా తీసుకున్నవాళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ వచ్చింది. ఇంకా, ఏ కాయలో ఎంత యాంటీఆక్సిడెంట్ ఉందో నంబర్లు వేసి పెట్టిన పట్టికని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, వ్యాపారులు ఆ నంబర్లు చూపించి అమ్ముకుంటున్నారని. పల్లీ పొట్టు ప్రోసయనిడిన్లు పెద్ద గొలుసులని ఇందాక చెప్పాను, అవి పేగు దాటి రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ఇప్పుడు అసలు భయం. అమ్మాయ్, ఇది నీకు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. తవ్వగా తవ్వగా కారణం తేలింది, బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లీ చెక్క దాణాలో పట్టిన బూజు. ఆ బూజు విషమే అఫ్లటాక్సిన్. వేయించినా పూర్తిగా పోదు, లివర్ క్యాన్సర్ తెస్తుంది. తొక్కలు, పొట్టు, ముడతలు పడ్డ గింజలు ఒక మూలన గుట్టగా పడి, మన ఉక్కపోతకి చెమ్మ పట్టాయంటే బూజుకి పండగ. ఇందులో ఇంకో ముడి ఉంది చూడు. ల్యాబులో పల్లీల్లోంచి అఫ్లటాక్సిన్‌ని బయటికి లాగి కొలవడానికి వాడే ద్రావకాల్లో ఒకటి నువ్వు పోసిన మిథనాలే, నీళ్ళు కలిపి. అంటే నీ గిన్నెలో చిక్కబడింది మంచిదొక్కటే కాకపోవచ్చు. పొలంలో కొట్టిన మందుల మిగులు కూడా పైతొక్కకే ముందు అంటేది. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి మందు కొట్టడం గురించి నేను చెప్పక్కర్లేదు.

కరక్కాయ సంగతి వేరు. కొన్ని వందల ఏళ్ళుగా ఎంత, ఎవరికి, ఎన్నాళ్ళు అని లెక్క కట్టి వాడారు. మీ అమ్మమ్మగారు బుగ్గన పెట్టుకున్నది చిన్న ముక్క, 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో నానబెట్టి ఎండగట్టింది కాదు కదా.

పటమట_పెద్దాయన (విజయవాడ)

టర్కీ కోళ్ళ సంగతి నాకు తెలియదు. వక్క గురించి మా డాక్టరు కూడా అదే అన్నాడు, నేనే వినలేదు. సరే, పరగడుపు స్పూను వద్దు. కానీ అమ్మాయీ, ప్రాజెక్టు మాత్రం ఆపకు.

అద్దకం_అన్న (సొంతూరు పెడన, షాపు విజయవాడలో)

ఇంతసేపూ చదివి నాకు ఒకటి తోచిందండి. మీరు టానిన్, టానిన్ అంటున్నది మా ఇంట్లో వగరు. పల్లీ పొట్టు ఉత్తది నోట్లో వేసుకుంటే నాలుక పట్టేస్తుంది చూడండి, అదేగా? నోట్లో ఉమ్మి జిగురుని అది పట్టుకుంటుంది కాబట్టే అలా పొడారినట్టుంటుంది.

మా కలంకారీలో బట్టకి ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళు పట్టించి ఎండేస్తాం, లేత పసుపు రంగుకొస్తుంది. తరవాత ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన నల్లరంగు నీళ్ళతో అచ్చు వేస్తే, వేసినప్పుడు బూడిద రంగులో ఉన్న గీత మీ కళ్ళ ముందే నల్లగా తిరుగుతుంది. ఇనుమూ వగరూ కలిస్తే నలుపు. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది (ఇనుము ఉన్న ఉప్పు) కలిపి సిరా చేసిందీ ఇందుకే, తాత దస్తావేజుల మీద అక్షరాలు ఇప్పటికీ చెదరలేదు. మాస్టారు గారూ, బాక్టీరియా ఆగేదాంట్లో కూడా ఈ ఇనుము పట్టుకోవడం పాత్ర ఉంటుందా?

అది పక్కన పెడితే, పొట్టుని ఉత్త నీళ్ళలో మరగబెట్టి ఒక గుడ్డముక్క ముంచి చూడకూడదా అమ్మా? తినేది కాదు, ఒంటికి రాసేది కాదు, మిథనాల్ అక్కర్లేదు. రంగు నిలిస్తే నేను కొంటాను. అబద్ధం కాదు, కరక్కాయ రేటు మీకు తెలియదు.

ప్లేటు_మాస్టారు (గుంటూరు)

ఉంటుంది. బాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి, టానిన్ దాన్ని పట్టుకుని వదలదు. గోడ మీది ప్రోటీన్లనీ, ఎంజైముల్నీ కూడా అలాగే పట్టుకుంటుంది. అమ్మాయ్, ప్రాజెక్టులో చర్చ రాసే చోట ఇది పెట్టు. బ్రాత్‌లో ఇంకాస్త ఇనుము కలిపితే ఆగిన బాక్టీరియా మళ్ళీ పెరుగుతుందేమో చూడు, చిన్న ప్రయోగం, నీ గైడ్‌కి నచ్చుతుంది. పెడన అన్నగారు పాతికేళ్ళ నా పాఠాన్ని ఒక్క గుడ్డముక్కతో చెప్పేశారు.

పల్లీపట్టి_అమ్మాయి (విజయవాడ)

మూడు వారాలు కనిపించనందుకు సారీ అండి, ఇంటర్నల్స్. అందరికీ పేరుపేరునా థాంక్స్.

మాస్టారూ, మీరన్నదే అయింది. ఫ్యాను కింద గిన్నెలో అదే సమయం ఉంచిన ఉత్త మిథనాల్‌ని పోసి చూస్తే అది కూడా 10 మిల్లీమీటర్లు తెచ్చింది. నా పైతొక్క 10 కదా, అంటే నేను ఆ రోజు కొలిచింది మిథనాల్‌ని! గైడ్ మేడమ్‌కి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాల్లేదు, చెప్పాక మేడమ్ ఏమీ అనలేదు, "ఇది కూడా రాయి" అన్నారంతే. ఈసారి నీళ్ళు కలిపిన ఆల్కహాల్ వాడి, రోటరీ ఎవాపరేటర్ (ద్రావకాన్ని ఆవిరి చేసి లాగేసే యంత్రం) ఉన్న పక్క డిపార్ట్‌మెంట్‌లో బతిమాలి, పూర్తిగా పొడి అయ్యేదాకా ఆరబెట్టి తూకం వేశాను. పైతొక్క జోన్ మాయం. కొబ్బరి పీచు కనీకనిపించనట్టు. ఎర్రపొట్టు మాత్రం నిలబడింది, 11. ఈ.కొలి షరా మామూలే.

రెసాజురిన్ దగ్గర నవ్వొచ్చింది. బాక్టీరియా లేని వరసలో చిక్కటి మొదటి మూడు గుంటలు వాటంతట అవే గులాబీ అయిపోయాయి. మీరు చెప్పకపోతే ఎక్కువ మోతాదులో బాక్టీరియా బాగా పెరుగుతోంది అని రాసేదాన్నేమో. లూప్‌తో గీసి చూస్తే స్టాఫ్ ఆగింది మిల్లీలీటరుకి రెండున్నర మిల్లీగ్రాముల దగ్గర. పక్కనే సిప్రోఫ్లాక్సాసిన్ ఒక మైక్రోగ్రాము లోపే ఆపేసింది. వేల రెట్లు తేడా. ఆ రెండు నంబర్లూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి పెదనాన్నకి చూపించాను, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "అయితే మందు కాదంటావ్" అన్నారు. అఫ్లటాక్సిన్ గురించి చెప్పాక గోడ మూల గుట్ట పెట్టడం మానేసి ఏ రోజు పొట్టు ఆ రోజే పొడి బస్తాలో కట్టిస్తున్నారు, ముడతల గింజలు ఏరించడానికి ఇంకో మనిషిని పెట్టారు.

బావగారూ, చర్మం డాక్టరు దగ్గరకి వెళ్ళాను, ఆయింట్‌మెంట్ ఇచ్చారు, ఇప్పుడు బాగానే ఉంది, కాకపోతే ఈ ఎండాకాలం మామిడికాయల తొడిమలు నన్ను తుంచొద్దన్నారు. మిక్సీ జార్ అమ్మ ఆ రోజే పారేసింది, కొత్తది నా డబ్బుల్తో కొనిపించింది.

అద్దకం అన్నా, మీకోసం చివర్లో పెట్టాను. దోసెడు పొట్టు నీళ్ళలో అరగంట మరగబెట్టి, పాత నూలు తువ్వాలు ముక్క ముంచి ఆరేస్తే లేత ఇటుక రంగొచ్చింది. పెదనాన్న మూకుడు తుప్పు గీకి బెల్లం నీళ్ళలో వారం నానబెట్టాను, ఇంట్లో వాసన భరించలేకపోయారు. ఆ నీళ్ళతో పుల్ల ముంచి గుడ్డ మీద పల్లీకాయ బొమ్మ గీశాను. గీసినప్పుడు ఏమీ కనబడలేదు. టీ తాగి వచ్చేసరికి నల్లగా తేలింది. రెండుసార్లు ఉతికినా పోలేదు, కొంచెం బూడిద రంగుకి తిరిగిందంతే. ఆ గుడ్డ ఇప్పుడు పెదనాన్న దగ్గరుంది, గల్లాపెట్టె మీద పరిచారు. కిలో ఎంతకి తీసుకుంటారో, బస్తాలు పెడనకి పంపాలా విజయవాడ షాపుకా అని అడగమన్నారు.

అద్దకం_అన్న (సొంతూరు పెడన, షాపు విజయవాడలో)

షాపుకే పంపమ్మా, ముందు రెండు బస్తాలు చాలు. ఉప్పు, ఇసక లేకుండా జల్లెడ పట్టించమను. బూజు వాసన వస్తే మాత్రం తిప్పి పంపేస్తాను, మాస్టారు చెప్పింది నేనూ చదివాను.